రేస్ పెడల్ ఇంటి దగ్గర విప్పుకోవచ్చా? ముందు కప్లర్ చూడండి

అమలాపురం దగ్గర నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎనిమిదేళ్ల పెట్రోల్ కారు. మొన్నటి వానలకు డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిసింది. అప్పటి నుంచి ఇంజిన్ లైటు వెలుగుతోంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఒక్కోసారి బండి నలభై దాటడం లేదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటోంది. పెడల్ అసెంబ్లీ మొత్తం మార్చాలని మెకానిక్ అన్నాడు. ఇంటి దగ్గర నేనే విప్పుకోవచ్చా, ప్రమాదం ఏమైనా ఉందా?

విప్పుకోవచ్చండి. పాన పట్టిన అలవాటు ఉన్న చేతికి అరగంట పని. పాలకొల్లు వైపు ముప్పై ఏళ్లుగా బండ్ల పని చేస్తున్నాను, ఇలాంటివి చాలా విప్పాను. అయితే మీరు చెప్పిన లక్షణాలు చూస్తే పెడల్ పోయిందని నాకు అనిపించడం లేదు. కార్పెట్ తడిసిన తర్వాతే మొదలైందన్నారు, ఆపి స్టార్ట్ చేస్తే సర్దుకుంటోందన్నారు. మన వైపు ఈ రెండూ కలిసి కనిపిస్తే నేను ముందు చూసేది పెడల్‌కి వచ్చే కప్లర్‌ని, అంటే వైర్లను పెడల్‌కి తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్‌ని. పెడల్ కొనడానికి డబ్బు కట్టేముందు అది చూడాలి.

ఎందుకో చెబుతాను. మీ కారులో పెడల్‌కీ ఇంజిన్‌కీ మధ్య కేబుల్ లేదు. పెడల్ పైభాగంలో రెండు సెన్సార్లు ఉంటాయి. మీ కాలు ఎంత కిందికి వెళ్లిందో రెండూ విడివిడిగా ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, వోల్టేజి రూపంలో చెబుతాయి. రెండింటికీ వేర్వేరు ఐదు వోల్టుల సప్లై, వేర్వేరు ఎర్త్, వేర్వేరు సిగ్నల్ వైరు. అందుకే చాలా కార్లలో ఆ కప్లర్‌కి ఆరు పిన్నులు. చాలా కంపెనీలు ఒక సిగ్నల్ రెండోదానికి సగం ఉండేలా పెడతాయి. కాలు తీసేసినప్పుడు ఒకటి 0.8 వోల్టుల దగ్గర ఉంటే రెండోది 0.4 దగ్గర ఉంటుంది. పెడల్ తొక్కే కొద్దీ రెండూ అదే లెక్కలో పెరగాలి. కొన్ని బండ్లలో సగం లెక్క కాకుండా రెండింటి మధ్య ఒకే తేడా ఉంటుంది. ఏ పద్ధతైనా ఆ లెక్క తప్పితే ఈసీయూ ఏ సెన్సార్‌నీ నమ్మదు. ఇంజిన్ బలం తగ్గించేసి, ఇంటికి చేరుకునేంత వేగం మాత్రమే ఇస్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. మీ బండి నలభై దాటకపోవడం చాలావరకు అదే. మిమ్మల్ని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది, పాడైపోవడం కాదు.

ఇప్పుడు తడి సంగతి. ఐదు వోల్టులు నిలబడి ఉండే పిన్ను పక్కనే ఎర్త్ పిన్ను ఉంటుంది. మధ్యలో దూరం చాలా తక్కువ. అక్కడ తేమ చేరితే రెండు పనులు జరుగుతాయి. కరెంటు కొంచెం పక్కదారి పట్టి సిగ్నల్ మారుతుంది. రోజులు గడిచే కొద్దీ పిన్ను తినుకుపోయి పచ్చగా చిలుము పడుతుంది. సముద్రం దగ్గరి ఉప్పుగాలి, రొయ్యల చెరువుల మధ్య నిలిపే బండ్లు, ఏడాదిలో సగం రోజులు ఆరని కార్పెట్లు, ఇవన్నీ ఉన్న మన డెల్టాలో ఇది ఎక్కువ. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద తర్వాత లంక గ్రామాల నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక బండి ఇంకా గుర్తుంది. నీళ్లు సీటు దాకా రాలేదు, పెడళ్ల దాకా వచ్చి వెళ్లిపోయాయి. వేరే చోట కొత్త పెడల్ వేసుకున్నారు. పది రోజుల తర్వాత మళ్లీ అదే లైటు. నేను కప్లర్ తీసి చూస్తే ఆరు గుంటల్లో ఒకదాని అంచున ఎండిన ఒండ్రు, పక్కదాన్లో ఆకుపచ్చ పొడి. వైరును మెల్లగా లాగితే చేతికొచ్చింది. ఆ ఇంటాయన కొత్త పెడల్‌కి పెట్టిన డబ్బు అక్కరకు రాలేదు. తప్పు వైరింగ్‌లో ఉంది.

కాబట్టి మొదట చేయాల్సింది విప్పడం కాదు, చదవడం. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, బండిలో ఏ లోపం వచ్చిందో స్కానర్‌తో చదివేది అక్కడే. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, లేదంటే దగ్గర్లో స్కానర్ ఉన్న మెకానిక్‌తో చదివించండి. పి 2138 అనే కోడ్ వస్తే రెండు సిగ్నళ్ల లెక్క తప్పిందని. పి 2122, పి 2127 అయితే ఒక్కో సెన్సార్ వోల్టేజి మరీ తక్కువ. పి 2123, పి 2128 అయితే మరీ ఎక్కువ. కోడ్ పేరులో పెడల్ ఉంది కదా అని పెడల్ మార్చేస్తారు, అక్కడే పొరపాటు. ఏ సర్క్యూట్‌లో తేడా వచ్చిందో మాత్రమే కోడ్ చెబుతుంది. ఆ సర్క్యూట్‌లో పెడల్ ఉంది, కప్లర్ ఉంది, ఆరు వైర్లూ ఉన్నాయి.

తర్వాత స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సార్లు అప్పటికప్పుడు చెప్పే అంకెలు, తెరవండి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో మాత్రమే ఉంచి, పెడల్ పొజిషన్ అంకెలు రెండూ ఒకేసారి కనిపించేలా పెట్టుకోండి. పెడల్‌ని చేత్తో చాలా నెమ్మదిగా, పది సెకన్లు పట్టేలా కిందికి నొక్కి, అంతే నెమ్మదిగా వదలండి. అంకెలు మెట్టు మెట్టుగా కాకుండా సాఫీగా పెరిగి సాఫీగా తగ్గాలి. ఎక్కడైనా ఒకటి ఉన్నట్టుండి సున్నాకి పడినా, ఎగిరినా ఆ చోటు గుర్తుపెట్టుకోండి. ప్రతిసారీ పెడల్ అదే ఎత్తులో ఉన్నప్పుడు ఎగిరితే లోపలి సెన్సార్ అరిగిందని అనుమానించొచ్చు. ఇక పెడల్ ముట్టుకోకుండా కప్లర్ దగ్గరి వైర్లను వేలితో కొద్దిగా కదపండి. అప్పుడు అంకెలు ఎగిరితే పెడల్ బాగానే ఉన్నట్టే. కోతల తర్వాత చేలల్లోంచి ఎలుకలు ఇళ్లలోకీ బండ్లలోకీ వస్తాయి కదండీ, వైరు మీద పంటి గాట్లు ఉన్నాయేమో లైటు వేసి చూడండి.

ఇంత చూశాక విప్పాలనుకుంటే, ఇలా చేయండి.

బండిని చదునైన నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలో రాళ్లో పెట్టండి. మన ఇళ్ల ముందు వాకిళ్లు సాధారణంగా రోడ్డు వైపు వాలుగా ఉంటాయి, అది మరచిపోవద్దు. డ్రైవర్ అద్దం దించండి. బ్యాటరీ తీశాక తలుపు లాక్ పడి తాళం లోపల ఉండిపోయినవాళ్లని చూశాను. తాళం చెవి బయటికి తీసేయండి. బటన్ స్టార్ట్ అయితే తాళాన్ని ఇంట్లో పెట్టి రండి. అప్పుడు 10 నంబర్ పానతో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, తిరిగి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి పెట్టండి. మైనస్సే ఎందుకు ముందంటే, ప్లస్ విప్పుతున్నప్పుడు పాన రెండో చివర బాడీకి తగిలితే షార్ట్ అవుతుంది. మైనస్ ముందే తీసేస్తే ఆ భయం లేదు.

పెడల్‌కి ఉన్నది ఐదు వోల్టులే, బ్యాటరీ దేనికి తీయాలి అంటారేమో. పెడల్ కోసం కాదు, ఎయిర్‌బ్యాగ్ కోసం. మీ తల, చేతులు స్టీరింగ్ కింద దూరబోతున్నాయి. అక్కడి వైరింగ్‌లో పసుపు రంగు కప్లర్లు, పసుపు వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ తీశాక కూడా దాని కంట్రోల్ యూనిట్‌లో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. పది నిమిషాలు ఆగండి. ఆ పసుపు వైర్లను మీటర్‌తో తాకడం, లాగడం, విప్పడం ఎప్పుడూ వద్దు. మీ బండికి మోకాలి ఎయిర్‌బ్యాగ్ ఉంటే, అది సరిగ్గా పెడళ్ల పైనే ఉంటుంది. అలాంటి బండి అయితే ఈ పని ఇంటి దగ్గర చేయొద్దు, గ్యారేజీకి ఇవ్వండి.

డ్రైవర్ సీటు పూర్తిగా వెనక్కి జరిపి, మ్యాట్ తీసేయండి. తలకి కట్టుకునే లైటు ఉంటే మంచిది, ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని పని చేయడం కష్టం. విప్పకముందే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. వైరు ఏ క్లిప్పులో నుంచి వస్తోంది, కప్లర్ ఏ వైపు తిరిగి ఉంది, పెడల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది అన్నవి ఫోటోలో ఉండాలి. బిగించేటప్పుడు వైరు ఆ క్లిప్పులోకి తిరిగి వెళ్లకపోతే, అది వేలాడి పెడల్ చేయికి రాసుకుంటుంది.

కప్లర్ తీయడమే ఈ పని మొత్తంలో ఓపిక అడిగేది. చాలావాటికి రెండు తాళాలు ఉంటాయి. మొదట ఎర్రదో పసుపుదో చిన్న ప్లాస్టిక్ ముక్కను వెనక్కి జరపాలి. ఆ తర్వాతే కింది నాలుక లోపలికి నొక్కుకుంటుంది. నాలుక నొక్కి పట్టుకుని, ముందు కప్లర్‌ని లోపలికి కొంచెం తోయండి, అప్పుడు బయటికి లాగండి. అలా తోస్తే తాళం మీద ఒత్తిడి తగ్గి తేలిగ్గా వదులుతుంది. వైర్లు పట్టి లాగకండి. స్క్రూ డ్రైవర్ పెట్టి ఎత్తకండి, ఎనిమిదేళ్ల ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. కొన్ని బండ్లలో చేయి అందదు, అప్పుడు ముందు నట్లు విప్పి పెడల్‌ని కిందికి దించాక కప్లర్ తీయడమే తేలిక.

తీశాక రెండు వైపులా లైటు వేసి చూడండి. తడి, ఒండ్రు, పచ్చ చిలుము, వంగిన పిన్ను, ఏది ఉన్నా ఫోటో తీయండి. శుభ్రానికి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే మాత్రమే వాడండి. పెట్రోలు, కిరసనాయిలు, ఇసుక కాగితం వద్దు. పిన్నుల మీద పలచటి పూత ఉంటుంది, గీస్తే అది పోయి ఇంకా త్వరగా చిలుము పడుతుంది. స్ప్రే కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కసారి పెట్టి తీయండి. మీటర్‌తో చూడాలనుకుంటే దాని లావు ప్రోబ్‌ని కప్లర్ ముందు వైపు గుంటల్లోకి దూర్చకండి. గుంట వెడల్పై, రేపు పిన్ను వదులుగా కూర్చుంటుంది. చిలుము మరీ లోపలికి వెళ్లి వైరు నల్లబడి ఉంటే క్లీనర్‌తో పని జరగదు, ఆ కప్లర్‌ని వైరు ముక్కతో సహా మార్పించాలి. శుభ్రం చేసి బ్యాటరీ పెట్టి చూస్తే అంకెలు సాఫీగా వస్తున్నాయా, అయితే మీ పని ఇక్కడితో అయిపోయింది. పెడల్ విప్పనే అక్కర్లేదు.

అంకెలు అప్పటికీ ఎగురుతుంటే బ్యాటరీ మళ్లీ తీసి, పది నిమిషాలు ఆగి, పెడల్ విప్పండి. పైనుంచి వేలాడే పెడల్‌కి సాధారణంగా రెండో మూడో 10 ఎంఎం నట్లు ఉంటాయి. పైనున్నది కనబడదు, పొడుగు ఎక్స్‌టెన్షన్ వేసిన సాకెట్‌తో వేలితో తడిమి పట్టుకోవాలి. పక్కనే బ్రేక్ పెడల్ ఉంటుంది. దాని చేయి మీద ఉన్న పిన్ను, చిన్న క్లిప్పు, స్టాప్ లైట్ స్విచ్, వాటి జోలికి అసలు పోకండి. బ్రేక్‌ని తీసి దారి చేసుకోవాలనిపించినా సరే, వద్దు. విప్పిన నట్లను స్టీలు గిన్నెలో వేసి లెక్క పెట్టుకోండి. ఒక్క నట్టు కార్పెట్ మడతలోకి జారినా అది దొరికేదాకా బండి తీయొద్దు. అది దొర్లి బ్రేక్ పెడల్ కిందికి చేరితే ఏమవుతుందో ఆలోచించండి. కొన్ని బండ్లలో పెడల్ పైనుంచి వేలాడదు, నేలకే కీలు ఉంటుంది. వాటికి కనబడని ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి, బలవంతంగా తీస్తే విరుగుతాయి. అలాంటివి తెలిసినవాళ్లకే ఇవ్వండి.

బయటికి వచ్చిన పెడల్‌ని తెరవకండి. లోపల సాధారణంగా రెండు స్ప్రింగులు ఉంటాయి. ఒకటి విరిగినా రెండోది పెడల్‌ని వెనక్కి తేవాలని అలా పెడతారు. తెరిచి, గ్రీజు రాసి, మళ్లీ మూస్తే ఆ నమ్మకం పోయింది. కొత్తది తెచ్చేటప్పుడు పాత పెడల్ మీద ఉన్న పార్ట్ నంబర్ అక్షరం అక్షరం సరిచూడండి. ఒకే మోడల్‌లో పెట్రోలుకీ డీజిల్‌కీ, గేరుకీ ఆటోమేటిక్‌కీ వేరు పెడళ్లు ఉండొచ్చు. కప్లర్ సరిపోయినంత మాత్రాన లోపలి లెక్క ఒకటి కాదు. విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ దొరుకుతుందని చెబుతారు. మిగతా భాగాలకు నేనూ అక్కడే వెళతాను, ఈ ఒక్కదానికి మాత్రం వెళ్లను. ఆ పెడల్ ఏ వరదలో మునిగిన బండిదో మనకు తెలియదు.

బిగించేటప్పుడు నట్లన్నీ ముందు వేలితో నాలుగు చుట్లు ఎక్కాలి. ఎక్కకపోతే వంకరగా కూర్చుంది, తీసి మళ్లీ పెట్టండి. పొడుగు పాన వేసి బిర్రుగా బిగించకండి, పెడల్ బాడీ ప్లాస్టిక్, చీలిపోతుంది. చిన్న రాట్చెట్‌తో మణికట్టు బలం చాలు. కప్లర్ టక్కున చప్పుడు చేయాలి, రంగు తాళం ముందుకు జరగాలి. మైనస్ టెర్మినల్ చివరన. కొన్ని కంపెనీల బండ్లకు ఆ తర్వాత పెడల్ సున్నా ఎక్కడో నేర్పాలి. ఉదాహరణకు చాలా నిస్సాన్ బండ్లలో కాలు పెట్టకుండా తాళం ఆన్ చేసి రెండు సెకన్లు, ఆఫ్ చేసి పది సెకన్లు, మళ్లీ అలాగే ఇంకోసారి. మీ బండికి ఏమిటో సర్వీస్ మాన్యువల్‌లో చూసి చేయండి.

ఇక ఇక్కడి నుంచి నేను గట్టిగా చెప్పదలుచుకున్నది. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పెడల్‌ని ఇరవైసార్లు పూర్తిగా నొక్కి వదలండి, ప్రతిసారీ ఠక్కున పైకి రావాలి. మెల్లగా వచ్చినా, మధ్యలో ఆగినా బండి కదపొద్దు. తర్వాత మ్యాట్ వేసి మళ్లీ ఇరవైసార్లు. పదిహేనేళ్ల కిందట ఒక బండికి పెడల్ బిగించి, పాత మ్యాట్ తడిగా ఉందని దాని మీదే ఇంకో మందపాటి రబ్బరు మ్యాట్ వేశాను. పరీక్షకి కాలవ గట్టు మీదకి తీసుకెళ్లాను. ఒకసారి పూర్తిగా తొక్కేసరికి పెడల్ కింది అంచు మ్యాట్ మడతలో దిగి అక్కడే ఉండిపోయింది. ఎడమ వైపు కాలవ నిండుగా పారుతోంది. బ్రేక్ బలంగా తొక్కి, గేరు న్యూట్రల్ చేశాను కాబట్టి ఆగింది. ఇంజిన్ మాత్రం అరుస్తూనే ఉంది. అప్పటి నుంచి మ్యాట్ మీద మ్యాట్ వేసి నా దగ్గర ఏ బండీ బయటికి పోలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2009లో టయోటా అమెరికాలో లక్షల బండ్లను వెనక్కి పిలిచింది, మ్యాట్‌లో పెడల్ ఇరుక్కోవచ్చని. కొన్నిటికి పెడల్ కింది అంచు కోసి పొట్టి చేశారు. 2010 జనవరిలో మళ్లీ సుమారు 23 లక్షల బండ్లు. ఈసారి మ్యాట్ కాదు, అరిగిన పెడల్ లోపలి భాగం తేమ వల్ల అతుక్కుని నెమ్మదిగా వెనక్కి రావచ్చని. దానికి మందు పెడల్ లోపల పెట్టే చిన్న ఉక్కు ముక్క. తేమకు పెడల్ అతుక్కోవడం అంత పెద్ద కంపెనీకే తప్పలేదంటే, మన చిత్తడిలో ఈ ఇరవై నొక్కుళ్లు ఎందుకు అడుగుతున్నానో అర్థమవుతుంది.

తర్వాత న్యూట్రల్‌లో, బ్రేక్ మీద కాలు ఉంచి స్టార్ట్ చేయండి. కోడ్లు చెరిపి, లైవ్ డేటా మళ్లీ చూడండి. కొద్దికొద్దిగా రేస్ ఇచ్చి వదిలితే ఇంజిన్ వెంటనే ఐడిల్‌కి, అంటే రేస్ ఇవ్వనప్పుడు ఉండే వేగానికి, దిగాలి. మొదటి పరుగు ఖాళీ మైదానంలోనో, కోసిన చేలో గట్టి నేల మీదో చేయండి. కాలవ గట్టు మీద వద్దు, 216 హైవే మీద అసలే వద్దు. ఎప్పుడైనా పెడల్ ఇరుక్కుంటే బ్రేక్ ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోండి, వదిలి వదిలి తొక్కకండి. థ్రాటిల్ (ఇంజిన్‌కి గాలి పంపే తలుపు) తెరిచి ఉన్నప్పుడు వదిలి తొక్కితే, కాలి బలానికి తోడయ్యే బ్రేక్ బూస్టర్‌లోని వ్యాక్యూమ్ అయిపోయి బ్రేక్ రాయిలా గట్టిపడుతుంది. న్యూట్రల్ చేసి, పక్కకి ఆపి, అప్పుడు ఇంజిన్ కట్టేయండి. నడుస్తుండగా తాళం తీయకండి, స్టీరింగ్ లాక్ పడొచ్చు.

పాత మారుతీ 800, అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. వాటిది కేబుల్. ఇంజిన్ వైపు ముందు లూజు చేసి, తర్వాత పెడల్ పైగుంట నుంచి తీయాలి. కేబుల్ తీగల్లో ఒక్కటి తెగి ముళ్లలా లేచినా కొత్తది వేయండి. ఉప్పుగాలికి తుప్పు పట్టిన కేబుల్ తొడుగులో ఇరుక్కుంటుంది, నూనె పోసినా పది రోజులే.

మీ సంగతికి వస్తే, పెడల్ మార్చినా కప్లర్ మార్చినా, కార్పెట్ తడి ఎక్కడిదో కనిపెట్టకపోతే వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే. బానెట్ ఎత్తి వైపర్ల కింది పళ్లెం చూడండి. కొబ్బరి చెట్ల కింద, మామిడి చెట్ల కింద పెట్టే బండ్లలో అక్కడి నీటి రంధ్రాలు ఆకులతో పూడిపోతాయి. నీరు నిలిచి, గాలి దారిలోంచి లోపలికి దిగుతుంది. నీరు మట్టిగా ఉంటే వాన నీరు, తేటగా ఉండి వాన లేని రోజు కూడా వస్తే ఏసీ డ్రెయిన్ గొట్టం మూసుకుపోయినట్టు. కార్పెట్ కింది స్పాంజి వారం రోజులైనా ఆరదు, పైకెత్తి ఎండబెట్టాలి.

ఈ రోజు పెడల్ ఆర్డర్ చేయకండి. ఎలక్ట్రికల్ భాగాలు విప్పాక చాలా షాపులు వెనక్కి తీసుకోవు. కోడ్ నంబరు, కాలు తీసినప్పుడూ పూర్తిగా తొక్కినప్పుడూ వచ్చే రెండు అంకెలు, కప్లర్ రెండు వైపుల ఫోటోలు పెట్టండి. చూసి, ఏది మార్చాలో చెబుతాను.